శుభలేఖలో త్రిభుజం

మా లెక్కల టీచరుగారు పోయారన్న కబురు నాకు ఫ్లెక్సు ఆర్డరుగా వచ్చింది.

నేను రాజోలులో ఒక ఫ్లెక్సుల దుకాణంలో డిజైన్లు చేస్తాను. ఆదివారం పొద్దున్న షట్టరెత్తి కంప్యూటరు పెట్టేసరికి ఫోనులో మెసేజి ఉంది. పైన ‘అశ్రునివాళి’ అని ఉండాలి. మధ్యలో మా బడి కరస్పాండెంటుగారు చేతులు జోడించి నిలబడ్డ ఫోటో, నిలువెత్తున. కింద కుడి మూల తపాలా బిళ్లంత ఇంకో ఫోటో. దాన్ని పెద్దది చేసి చూశాకే నివాళి ఎవరికో తెలిసింది. శనివారం తెల్లవారకముందే నరసాపురంలో ఇంటి దగ్గర గుండె ఆగిపోయిందట. మధ్యాహ్నానికల్లా దహనం కూడా అయిపోయింది. నాకు కడసారి చూపు దక్కలేదు, ఫోటో సైజు సరిచేసే పని దక్కింది.

గుండె ఆగినందుకు నేనెవరినీ అనను. ఆగకముందు జరిగిన దానికి అంటాను. తొమ్మిదో తరగతి చదివిన మా పిన్నిగారి అమ్మాయి సంవత్సరాంత పరీక్షలో ఒక రేఖాగణితం ప్రశ్నకి తన సొంత దారిలో నిరూపణ రాసింది. టీచరుగారు ఎర్ర సిరాతో పూర్తి మార్కులు వేశారు. కరస్పాండెంటుగారు ఆ పేపరు ఆఫీసుకి తెప్పించుకుని, ఎర్ర సిరా మీదుగా ఆకుపచ్చ సిరాతో అడ్డంగా గీత కొట్టి సున్నా పెట్టారు. గైడులో ఉన్నట్టు లేదన్నది ఆయన చెప్పిన కారణం. అక్కడితో ఆగలేదు. ‘నేను రాసింది తప్పు’ అని ఆ పిల్ల సోమవారంలోగా రాసివ్వాలి. గైడులో ఉన్నది చూడకుండా అప్పజెప్పాలి. లేకపోతే పదో తరగతి బి సెక్షనులో కూర్చోవాలి.

సంతాప సభ కూడా సోమవారమే. గీత కొట్టిన చెయ్యి ఫ్లెక్సులో దణ్ణం పెడుతోంది.

బి సెక్షనంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను. నేను అక్కడే చదివాను. మెట్ల కింద గది. కిటికీ ఉంది గానీ అది పక్కింటి గోడకి తెరుచుకుంటుంది. పాసు మార్కులకి సరిపడా ప్రశ్నలేవో గుర్తు పెట్టి ఇస్తారు. ఏడాది పొడుగునా వాటినే అప్పజెప్పించుకుంటారు. ‘ఎందుకు’ అని అడిగితే ‘నీకెందుకు’ అంటారు. అక్కడ పడ్డవాడు పాసవుతాడు, అబద్ధం చెప్పను. కానీ తనకి ఏదైనా అర్థమవుతుందన్న ఆశ చచ్చాక పాసవుతాడు. టీచరుగారికి ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకే ఇచ్చేవారు. పదో తరగతి గడప తొక్కనిచ్చేవారు కాదు.

ఆవిడ రోజూ నరసాపురం నుంచి పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో దిగి బడికి వచ్చేవారు. చేతిలో మగవాళ్ల నల్ల గొడుగు. భుజాన గుడ్డసంచి. సంచిలో టిఫిను డబ్బా, దాని పక్కన పాత శుభలేఖల కట్ట. పంటు మీద తెలిసిన మొహం కనిపిస్తే చాలు, “మీ ఇంట్లో పెళ్లిళ్లేమైనా అయ్యేయాండీ? అయిపోయేక ఆ కార్డులతో మీకేం పని, నాకిచ్చేయండి” అనేవారు. లెక్కల టీచరు గనక ఇచ్చేవారు, లేకపోతే చాదస్తం అనుకునేవారు. కొందరు ఇచ్చీ అనుకున్నారు.

శుభలేఖే ఎందుకంటే, అట్ట దళసరిగా ఉంటుంది. ఒక వైపు బంగారు రంగు, ఇంకో వైపు తెల్లగా ఉంటుంది. కాబట్టి బొమ్మని తిరగేస్తే తిరగేసినట్టు తెలుస్తుంది. మూలల్లో పసుపు ఉంటుంది, అది ఏ మూల ఎటు వెళ్లిందో చెబుతుంది. పదిమంది పిల్లలకి ఇంతకంటే చవగ్గా సామాను ఎవరిస్తారు?

ఆరో తరగతిలో నా మొదటి క్లాసు నాకు బాగా గుర్తు. శుభలేఖలోంచి కోసిన ముక్క ఒకటి ఎత్తి పట్టుకుని అడిగారు.

“ఇదేంటి నాయనా?”

“చతురస్రమండి.”

దాన్ని మూల మీద నిలబెట్టారు. “ఇప్పుడు?”

“డైమనండి.”

“డైమనా?”

“ఆయ్. పేకలో ఉంటాదండి, ఎర్రగా.”

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆవిడ నవ్వలేదు. “మీ ఇంట్లో పేకెవరాడతారని నేనడగలేదు గదా. నేను తిప్పేనంతే. తిప్పితే భుజం తరిగిందా?”

“లేదండి.”

“కోణం మారిందా?”

“లేదండి.”

“మరి పేరెందుకు మార్చేవు? నిన్ను మంచం మీద అడ్డంగా పడుకోబెడితే నువ్వు ఇంకొకడివైపోతావా?”

ఆ రోజు నుంచి తరగతిలో నా పేరు డైమను. నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను చాలాకాలం మర్చిపోను, అందువల్ల ఆ పాఠమూ మర్చిపోలేదు. పుస్తకంలో ప్రతి చతురస్రమూ బుద్ధిగా కూర్చుని ఉంటుంది. ప్రతి త్రిభుజమూ కాళ్లు చాపుకుని నేల మీద ఉంటుంది. పిల్లవాడు ఆకారాన్ని కాదు, అది కూర్చున్న తీరుని నేర్చుకుంటాడు. అందుకని ఆవిడ బోర్డు మీద ఏ బొమ్మనీ నిటారుగా వేసేవారు కాదు. తనిఖీకి వచ్చిన ఒకాయన “మేడంగారికి చెయ్యి వంకరేమో” అన్నాడట. “చెయ్యి తిన్నగానే ఉందండి, పిల్లల చూపు వంకర్లు తిరగాలని” అన్నారట ఆవిడ.

ఆవిడ అసలు పని కార్డులో మిగిలిన కన్నంతో. సగం బ్లేడుతో బొమ్మని కోసి తీసేవారు. కార్డులో అదే ఆకారంలో కన్నం మిగిలేది. “ఇప్పుడు దాని కన్నంలో దాన్ని పెట్టండి. ఎన్ని రకాలుగా పడుతుందో చెప్పండి” అనేవారు. మూడు భుజాలూ మూడు పొడుగులైన త్రిభుజం ఒక్క రకంగానే పడుతుంది, ఎంత గింజుకున్నా అంతే. రెండు భుజాలు సమానమైతే మామూలుగా ఒకసారి, తిరగేసి ఇంకోసారి. మూడూ సమానమైతే ఇంకా ఎక్కువ. చతురస్రానికి వచ్చేసరికి బెంచీల మధ్య కొట్లాట, నా లెక్క సరి, నీది తప్పని. తెల్ల వైపు, బంగారు వైపు, పసుపు మూల అటు, పసుపు మూల ఇటు. తలకాయలు కలిపి అరుచుకునేవాళ్లం. గుండ్రం ముక్క ఎన్ని రకాలుగా పడుతుందని అడిగితే మాలో ఒకడు మధ్యాహ్నం బెల్లు కొట్టేదాకా తిప్పుతూ కూర్చున్నాడు. “చాల్లే తండ్రీ, అన్నం తినిరా. వచ్చేక మళ్లీ తిప్పుదువుగాని, అది అవదు” అన్నారు.

పేరు ఆవిడ ఎప్పుడూ చివర్లో చెప్పేవారు. “పేరు తరవాత పెడదాం, ముందు తిప్పి చూడు.” ఇది ఆవిడ మాట. నేను దీన్ని మనుషులకి కూడా వాడాలని చూస్తాను. నా కోపం వల్ల ఎప్పుడూ కుదరదు.

ఎనిమిదో తరగతిలో ఇంకో గొడవ. చతురస్రం దీర్ఘచతురస్రం అవుతుందా, అవదా? అవదని మేమందరం. రెండూ వేరే పేర్లు, వేరే బొమ్మలు, ఒకటి ఇంకోటి ఎలా అవుతుంది? ఆవిడ అవుతుందని సూత్రం రాసి వదిలేయలేదు. పక్కింటి ఆవిడతో మాట్లాడినట్టు అడిగారు.

“మీ నాన్నగారికి ఒక మేనల్లుడున్నాడనుకో. ఆ అబ్బాయికి మీ అక్కనిచ్చి పెళ్లి చేసేరు. అల్లుడైపోయేడు. మరి మేనల్లుడు కాకుండా పోయేడా?”

“పోడండి. రెండూనండి.”

“దీర్ఘచతురస్రానికి ఉండవలసినవన్నీ చతురస్రానికి ఉన్నాయా లేవా?”

“ఉన్నాయండి.”

“మరి ఇంటల్లుడైనంత మాత్రాన మేనల్లుడి వరస తెంచేస్తావేం?”

వెనక బెంచీలోంచి ఎవరో, “అల్లుడయ్యేక మర్యాదలు పెరుగుతాయండి” అన్నారు. “అదే, భుజాలన్నీ సమానం కావడం ఆ పెరిగిన మర్యాద” అన్నారు ఆవిడ. ఆ తరవాత సమాంతర చతుర్భుజం, రాంబస్ అన్నీ మాకు చుట్టాలైపోయాయి.

పిల్లల బుర్రలో రేఖాగణితం ఎలా పెరుగుతుందో ఆవిడ నాకొకసారి పంటు మీద చెప్పారు. మనిషిని ముందు మొహాన్ని బట్టి గుర్తుపడతాం, అదొక మెట్టు. తరవాత నడకనీ అలవాట్లనీ బట్టి చెబుతాం. ఆ తరవాత ఎవరికి ఏమవుతాడో తెలుస్తుంది. చివరికి, అతను అలాగే ఎందుకుండాలో చెప్పగలుగుతాం. “మొహమే ఇంకా పోల్చుకోలేని పిల్లాణ్ణి చివరి మెట్టు మీద నిలబెట్టి నిరూపణ అప్పజెప్పమంటే ఏం చేస్తాడు పాపం? చిలకవుతాడు. చిలక తప్పు కాదది, పంజరంలో పెట్టినవాడి తప్పు.”

ఆవిడ నోట అంత గట్టి మాట నేను వినడం అదొక్కసారే. అందుకే అడిగాను, “మరి మీరీ పంజరంలో ఎందుకున్నారండీ?” అని. నరసాపురంలోనే వేరే బడివాళ్లు పిలిచారని మాకందరికీ తెలుసు. ఆవిడ ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరిన రోజునే తీసుకుని కరస్పాండెంటుగారు ఆఫీసు బీరువాలో పెట్టారు. ఏటా వేసవిలో ఆవిడ అడగడం, “ఈ ఒక్క ఏడూ చూడండమ్మా” అని ఆయన అనడం. మన వైపు ప్రైవేటు బళ్లలో చేసే టీచర్లలో ఎంతమంది కాగితాలు ఇలా ఎంతమంది బీరువాల్లో ఉన్నాయో మీ చుట్టాల్నే అడగండి. ఆవిడ నది వైపు చూసి నవ్వారు. “మూడు భుజాలూ మూడు రకాల త్రిభుజాన్ని నాయనా నేను. ఈ బడి కన్నంలో ఒక్క రకంగానే పడతాను. ఎంత తిప్పుకున్నా వేరే దారి కనబడదు.”

నాకు మాత్రం ఒంట్లో మంట. ఇంటర్ తప్పాక నేను కరపత్రాలు చదవడం మొదలుపెట్టాను. రాజోలు సెంటర్లో ఎవరు ఏది పంచినా చదివాను. చదివినకొద్దీ రాయాలనిపించింది. ప్రైవేటు బళ్ల దోపిడీ మీద ఒకటి రాసి, మా దుకాణంలోనే ప్రింటు తీసి, రేవులో పంచాను. ఆ సాయంత్రం టీచరుగారు ఎక్కిన పంటే నేనూ ఎక్కి ఒకటి ఆవిడ చేతిలో పెట్టాను. నది మధ్యకి వచ్చాక ఇంజను ఆగిపోయింది. మోటారు సైకిళ్లు, మేకలు, పెళ్లివారి కారు, మేము, అందరం నీటి మధ్య ఇరుక్కున్నాం. దిగిపోవడానికి లేదు. ఆవిడ సంచిలోంచి ఎర్ర పెన్ను తీశారు.

“ఇక్కడ ‘కాబట్టి’ అన్నావు. దాని ముందేముంది?”

“ఆవేశం ఉందండి.”

“ఆవేశం ఉంటే ‘అయ్యో’ అను. ‘కాబట్టి’ అనాలంటే కారణం ఉండాలి. చూడు, కాగితం నిండా ‘కాబట్టి’లే. ‘ఎందుకంటే’ ఒక్కటీ లేదు.”

“జనానికి అంత ఓపికుండదండి టీచర్.”

“కరస్పాండెంటుగారూ పిల్లల గురించి ఇదే అంటారు నాయనా.”

పక్కన మేకలాయన నవ్వాడు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ ఎర్ర గీతల కాగితం చూసుకునే ఇప్పుడు ఇది రాస్తున్నాను. ప్రతి ‘కాబట్టి’ దగ్గరా ఆగుతున్నాను.

ఇప్పుడు ఆ నిరూపణ సంగతి. ఇది మీకు అర్థం కాకపోతే నా మిగతా మాటలన్నీ దండగ. అర్థమవుతుంది, కంగారు పడకండి. రెండు భుజాలు సమానంగా ఉన్న త్రిభుజం ఒకటి. దాని కింద రెండు మూలల్లో ఉన్న కోణాలు సమానమని నిరూపించాలి. గైడులో పై కొన నుంచి కిందికి మధ్యగా ఒక గీత గీస్తారు. రెండు ముక్కలవుతుంది. ఆ రెండు ముక్కలూ సమానమని చూపిస్తారు. అది సరైన దారే.

మా చెల్లి గీత గీయలేదు. ఏ, బి, సి అనే త్రిభుజాన్ని ఏ, సి, బి అనే త్రిభుజంతో పోల్చింది. అంటే దాన్ని తిరగేసి దానితోనే పోల్చింది. ఎడమ భుజం కుడి భుజానికి సమానం. కుడి భుజం ఎడమ దానికి సమానం. ఆ రెంటి మధ్య కోణం అటూ ఇటూ ఒకటే. భుజం, కోణం, భుజం సరిపోయాయి. ఎడమ మూల వెళ్లి కుడి మూల మీద సరిగ్గా కూర్చుంటుంది. కాబట్టి రెండూ సమానం. అంతే. బంగారు వైపు కిందికి, తెల్ల వైపు పైకి. నాలుగేళ్ల పాటు శుభలేఖలో తిప్పి పెట్టిన ముక్క ఇక్కడ నిరూపణైంది. ఎవరూ చెప్పలేదు చెల్లికి. పేపరు దిద్దుతున్న టీచరుగారు పంటు మీద ఒక్కరే నవ్వుకున్నారని నాకు మేకలాయన చెప్పాడు.

ఆఫీసులో వాదన జరుగుతుంటే చెల్లి గుమ్మం బయట నిలబడి విన్నది.

“బోర్డు పరీక్షలో దిద్దేవాడికి టైముండదండి మేడంగారూ. గైడులో ఉన్నట్టు లేకపోతే అడ్డంగా కొట్టేస్తాడు. నేనిప్పుడు కొట్టేస్తే రేపు వాడు కొట్టకుండా ఉంటాడు. పిల్ల మంచికేనండి.”

“దిద్దేవాడికి తెలీదేమోనని పిల్లకి తెలిసింది తీసేద్దామాండీ?”

“మార్కులు కావాలండి మనకి.”

“ఆయ్. తప్పు ఉన్న చోట తీసేయండి మార్కులు. తప్పెక్కడుందో ముందు చూపించండి.”

ఆయన చూపించలేదు. ఫోను వచ్చిందన్నారు. కరస్పాండెంటుగారు దుర్మార్గుడని నేను రాయను, రాయాలని చెయ్యి దురద పెడుతున్నా. ఆయన కారణం ఆయనకుంది, పైన రాశాను, మీరే తూచండి. కానీ భయాన్ని పిల్లల మంచి అని పిలిచే హక్కు ఆయనకెవరిచ్చారు?

శుక్రవారం సాయంత్రం టీచరుగారు రేవులో చెల్లికి మాటిచ్చారు. “సోమవారం నీ చేత బోర్డు మీద వేయిస్తాను. ఆయన్ని ముందు బెంచీలో కూచోబెడతాను. నువ్వు భయపడకు. భయమేస్తే కార్డు తిరగెయ్యి, ముక్క అందులోనే పడుతుంది.” పంటెక్కారు. శనివారం లేరు.

ఆదివారం నేను ఆ ఫ్లెక్సు డిజైను చేశాను. ఫోటోల సైజు మార్చమని మా ఓనరుని బతిమాలాను. “డబ్బిచ్చేవాడి బొమ్మ పెద్దది, పోయినవాళ్ల బొమ్మ చిన్నది, ఇది మన లెక్కరా డైమనూ” అన్నాడు. ప్రింటు తీసి, చుట్ట చుట్టి, సఖినేటిపల్లి బస్సెక్కాను.

పిన్ని గుమ్మంలో చేపలు బాగు చేస్తోంది. బాబాయి వేటకెళ్లాడు. చెల్లి తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది.

“రాసిచ్చేయవే. కాగితం మీద తప్పని రాస్తే నిజంగా తప్పయిపోద్దా?” అంటోంది పిన్ని. “ఆ చీకటి గదిలో ఏడాది కూర్చుంటావా? మీ టీచరే పోయింది. ఇంకెవరొత్తారు నీ ఎనకాల?”

నేను రెచ్చిపోయాను. “రాయకు. రాశావంటే టీచరుగారిని మళ్లీ చంపినట్టే” అన్నాను.

చెల్లి తలెత్తి చూసింది. “ఆయన రాయమంటే రాయడం, నువ్వు వద్దంటే మానెయ్యడం. రెంటికీ తేడా ఏముందన్నయ్యా?”

పిన్ని కత్తిపీట దగ్గర ఆగిపోయింది. చెల్లి కాగితం మడిచి, లేచి రేవు వైపు నడిచింది. నేను కొంచెం దూరంగా వెనకే వెళ్లాను. పొద్దు నరసాపురం వైపు వాలుతోంది. నాలుగున్నర పంటు వచ్చింది, జనం దిగారు, జనం ఎక్కారు, అది వెళ్లిపోయింది. నల్ల గొడుగులు రెండు మూడు దిగాయి. వేరేవాళ్లవి.

పంటు నది మధ్యకి వెళ్లాక చెల్లి అంది, “ఎక్కడ తప్పో చూపించమను. చూపిస్తే రాసిస్తాను. చూపించకపోతే బి సెక్షనులోనే కూచుంటాను. నన్ను తప్పించమని మాత్రం నువ్వు ఎవరినీ బతిమాలకు.”

కాబట్టి బతిమాలడానికి కాదు పిలుస్తున్నాను. సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి బడి గేటు దగ్గరకి రండి. సభ పది గంటలకి. తొమ్మిదిన్నర ఎందుకంటే, పంటు దిగి నడిచి వచ్చే టీచరుగారు గేటు దాటే వేళ అది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు రండి, ఆవిడకి శుభలేఖలిచ్చినవాళ్లు రండి, మెట్ల కింద గదిలో కూర్చున్నవాళ్లు ముఖ్యంగా రండి. నినాదాలొద్దు. ఫ్లెక్సు జోలికెవరూ వెళ్లొద్దు, నేను కూడా వెళ్లను. పిల్ల బోర్డు మీద రాస్తుంది. తప్పెక్కడో చూపించమని మనం మర్యాదగా అడిగి, సమాధానం వచ్చేదాకా కూర్చుంటాం. తలా ఒక పాత శుభలేఖ తెచ్చుకోండి, అందులో త్రిభుజం ఇంటి దగ్గరే కోసుకుని రండి. బ్లేడ్లతో బడికొచ్చారని మన మీద కేసు పెట్టే వీలివ్వకండి.

శుభలేఖ దేనికంటారా? ఆదివారం సాయంత్రం రేవులో చెల్లి తన కార్డు బయటికి తీసింది. ఎవరి పెళ్లిదో, మూలన పసుపు ఇంకా ఉంది. త్రిభుజాన్ని వేలితో బయటికి తోసింది. కన్నంలోంచి గోదావరి కనిపించింది. ముక్కని తిరగేసి, తెల్ల వైపు తన వైపుకి పెట్టి, మూలలు ఒక్కొక్కటే అదిమింది. కార్డుని ఎత్తి పొద్దుకి అడ్డంగా పట్టుకుంది. చాలాసేపు చూశాం ఇద్దరం. అంచు చుట్టూ ఎక్కడా సన్నటి వెలుతురు గీత కూడా లేదు.